మూడో గేరులో ఝుంకారం

ఆయన్ని ఊరంతా చెవులాయన అంటుంది. చెవుల డాక్టరు అనకూడదు. అన్నవాళ్ళని ఆయన అక్కడికక్కడే నిలబెట్టి సరిదిద్దుతాడు. చెవికి వచ్చిన జబ్బేమిటో డాక్టరు చెబుతాడనీ, చెవి ఎంత వింటోందో మాత్రమే తాను చెబుతాననీ, తాను వినికిడి పరీక్షకుడు మాత్రమేననీ వివరిస్తాడు. వివరణకి మూడు నిమిషాలు పడుతుంది. అంత తీరిక ఎవరికుంది? అందుకని చెవులాయన అని ఊరుకుంటారు.

ఇరవై మూడేళ్ళుగా ఆయన ప్రపంచం ఒక చిన్న గది. మందపాటి తలుపు, గోడలకి బూడిదరంగు స్పాంజి, మధ్యలో ఒక కుర్చీ. కుర్చీలో పరీక్షకి వచ్చిన మనిషి, తలకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. అద్దానికి ఇవతల చెవులాయన. "కూత వినపడితే బటన్ నొక్కండి. అనుమానంగా వినపడినా నొక్కండి," అంటాడు. వినపడిందా, పది డెసిబెల్‌లు తగ్గిస్తాడు. వినపడలేదా, అయిదు పెంచుతాడు. అలా దిగుతూ ఎక్కుతూ ఒక చోట ఆగుతాడు. ఆ చోట మూడుసార్లు కూత వేస్తే రెండుసార్లన్నా బటన్ నొక్కాలి. అప్పుడే అది లెక్క. ఒక్కసారి నొక్కితే ఆయన నమ్మడు. మనిషన్నవాడు ఒకసారి ఊహించుకుని నొక్కుతాడు, ఒకసారి మొహమాటానికి నొక్కుతాడు, ఒకసారి ఊరికే వేలు ఖాళీగా ఉండి నొక్కుతాడు. మానవ స్వభావం మీద ఆయనకున్న అభిప్రాయం మొత్తం ఈ బటన్ దగ్గర ఏర్పడిందే.

ఇన్నేళ్ళు నిశ్శబ్దానికి కాపలా కాయడంతో ఆయన గొంతు కూడా తగ్గిపోయింది. గుసగుసకి ఒక మెట్టు పైన మాట్లాడతాడు. ఆయన భార్య ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. ఆవిడ గొంతు ఆఖరి బెంచీ దాటి వరండాలో తిరిగేవాణ్ణి కూడా లోపలికి లాక్కొస్తుంది. ఇద్దరి గొంతులూ కలిపి సగం చేస్తే మామూలు సంసారం శబ్దం వస్తుందని చుట్టాలు అనుకుంటారు.

ఇలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట కారు పిచ్చి పట్టింది.

పట్టడం అప్పుడే గాని అంటుకున్నది పంతొమ్మిదో ఏట. చదువుకునే రోజుల్లో పక్కగది సీనియరు ఒకడు ఎవరిదో చిన్న కారు తెచ్చి, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఊరి బయట కొండదారిలో పైదాకా తీసుకెళ్ళాడు. చూడటానికి అగ్గిపెట్టెలా ఉన్న కారు. లోపల మాత్రం దానికి అక్కర్లేనంత ఇంజను. మూడో గేరులో మలుపు తిరుగుతూ అది పాడిన పాట ఈయన చెవిలో ముప్పై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన మూడు కార్లు కొన్నాడు. మూడూ తెల్లవి, మూడూ బుద్ధిమంతమైనవి. ఇంజన్ నడుస్తోందో ఆగిందో దిగి చూసుకోవాల్సిన కార్లు.

నాలుగోది పసుపుపచ్చది.

పాత కార్ల యార్డులో అది రెండు పెద్ద వ్యానుల మధ్య, పెద్దల సభలో కూర్చోబెట్టిన అల్లరి పిల్లలా ఉంది. వెనక రెండు పొగగొట్టాలు, నేలకి జానెడు ఎత్తులో బంపరు, వెనక అద్దం మీద పాత యజమాని అతికించి, సగం గీకి, విసుగొచ్చి వదిలేసిన స్టిక్కరు. లెక్కల టీచరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"రెండు తలుపులే ఉన్నాయేంటండీ?"

"మూడు. వెనకది కూడా తలుపే కదా," అన్నాడు చెవులాయన.

"దాంట్లోంచి మనుషులు ఎక్కుతారా?"

"సామాన్లు పెడతారు."

"అయితే రెండే. నాన్నని ఎక్కడ కూర్చోబెడతారు?"

"ముందు. నా పక్కన."

"నేను?"

చెవులాయన వెనక సీటు వైపు చూశాడు. ఆవిడా చూసింది. ఆ విషయం మీద దంపతుల మధ్య ఆ రోజు ఇంకేమీ చర్చ జరగలేదు.

చెవులాయన కారుని ఊరికే చూసి కొనే రకం కాదు. దానికి పరీక్ష పెట్టాలి. అందుకని క్లినిక్ నుంచి ఒక ట్యూనింగ్ ఫోర్కు చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. రెండు కాళ్ళ చిన్న ఉక్కు పట్టకారులాంటిది. మోకాలికేసి కొట్టి, కాడని బుర్ర ఎముక మీద ఆనిస్తే, చెవి లోపలిభాగం ఎలా ఉందో చెబుతుంది. ఆయన దాన్ని మోకాలికేసి కొట్టి కారు తలుపు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, చెవి పెట్టాడు. యార్డు ఆసామికి గుండె జారింది.

"ఏం చూస్తున్నారు సార్?"

"లోపల సొట్ట తీసి పుట్టీ నింపారేమో చూస్తున్నాను."

"దాంతో తెలిసిపోద్దా?"

"ఎముక విరిగితే తెలుస్తుంది."

ఆసామి లెక్కల టీచరు వైపు తిరిగి, "మేడమ్, సార్‌ది గవర్నమెంటా?" అని మెల్లిగా అడిగాడు. ఆవిడ, "కాదండీ. మా ఇంట్లోనే ఇలా ఉంటారు," అంది.

తలుపులు, బానెట్, పైకప్పు, అన్నీ అయ్యాక చెవులాయన ముందు సీటు కింద తుప్పుందేమో చూడటానికి తల లోపలికి, నడుము బయటికి పెట్టి చాలాసేపు వంగున్నాడు. తర్వాత యార్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి చూశాడు. అంతే, ఆ సాయంత్రానికి కారు ఆయన వాకిట్లో ఉంది.

రెండ్రోజుల తర్వాత క్లినిక్‌లో చూస్తే సొరుగులో ట్యూనింగ్ ఫోర్కు లేదు. తాను తిరిగి పెట్టినట్టు ఆయనకి స్పష్టంగా గుర్తుంది. ఆ సొరుగు తీసేది ఇద్దరే, తాను, రిసెప్షన్ ఆవిడ. తాను వస్తువులు పోగొట్టే మనిషి కాదు. ఇక మిగిలింది ఎవరు? అయినా పెద్దమనిషి కాబట్టి ఆవిడని ఏమీ అనలేదు. సొరుగు మీద ఒక కాగితం అంటించాడు: "తీసినవి తీసిన చోటే పెట్టవలెను." ఆవిడ చదివింది. పేరు లేకపోయినా ఆ ఉత్తరం ఎవరికో ఆవిడకి తెలుసు. ఆ రోజు నుంచి గుడ్‌మార్నింగ్ మానేసింది. అంతకు ముందు, అరిచే పేషెంట్లు ఎవరైనా వస్తే ముందుగా వచ్చి చెవిన వేసేది. ఇప్పుడు తిన్నగా లోపలికి పంపడం మొదలుపెట్టింది.

కారుతో కాపురం ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. క్లినిక్ ముందున్న చిన్న వాలు ఎక్కేటప్పుడు బంపరు నేలని గీకేది. రోడ్డు మీద రూపాయి బిళ్ళ తొక్కితే బొమ్మో బొరుసో వెన్నుపూసకి తెలిసేది. గోడ మీద ఆయనే రాయించిన బోర్డు ఉంది: "పెద్ద శబ్దాలకు దూరంగా ఉండండి." సరిగ్గా దాని కింద పసుపుపచ్చ కారు రెండు గొట్టాలతో టపటపమని వచ్చి ఆగేది. ఒక పెద్దావిడ, "నాయనా, ఆ బండివాడెవడో పొద్దున్నే చెవులు బద్దలు కొడుతున్నాడు, కాస్త చెప్పు," అని ఆయనకే ఫిర్యాదు చేసింది. చెబుతానన్నాడు.

ఇవన్నీ ఆయన భరించాడు. ఎందుకంటే ఇంటికీ క్లినిక్‌కీ మధ్య నీళ్ళట్యాంకు ఎత్తు అనే గుట్ట ఉంది. పొద్దున్న ఖాళీగా ఉండే రోడ్డు, పైకి పోతూ నాలుగు మలుపులు. రెండులోంచి మూడులోకి మార్చి, కాలు కాస్త గట్టిగా అదిమితే చాలు. మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ ఆయన బూడిదరంగు స్పాంజి గదిలో కూర్చునే మనిషి కాడు. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఏడు నిమిషాలూ ఎవరికి ఎలా కావాలంటే అలా వాడుకోమని ఇచ్చేసేవాడు.

తొమ్మిదో రోజు ఆ మూడు నిమిషాల్లో ఒక శబ్దం చేరింది.

జుమ్మ్.

మూడో గేరులో, ఇంజన్ వేగం చూపే ముల్లు మూడువేల ఎనిమిదివందల దగ్గరికి రాగానే మొదలవుతుంది. మూడువేల ఏడువందల దగ్గర లేదు. మూడువేల తొమ్మిదివందల దగ్గర లేదు. ఎక్కడైతే కారు పాట అందుకుంటుందో అక్కడే, ఆ పాట మీద వాలిన జోరీగలా. ఆయన తప్ప ఎవరూ ఆ చోట ముల్లుని నిలబెట్టరు కాబట్టి ఆయన తప్ప ఎవరూ వినలేదు. శబ్దం వెనకనుంచేమోనని లెక్కల టీచరుని వెనక సీట్లో ముడుచుకుని కూర్చోబెట్టి తీసుకెళ్ళి, "విన్నావా? ఇదిగో! ఇప్పుడు! అయిపోయింది. విన్నావా?" అన్నాడు.

"నా మోకాళ్ళు నా చెవులకి అడ్డం ఉన్నాయండీ," అంది ఆవిడ.

చెవులాయన శాస్త్రాన్ని ఆశ్రయించాడు. క్లినిక్ నుంచి శబ్దం కొలిచే యంత్రం తెచ్చి, పక్క సీట్లో పెట్టి కొలిచాడు. నూట ఇరవై ఎనిమిది హెర్ట్‌జ్. అచ్చంగా, పైనా లేదు కిందా లేదు. నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. ఆ అంకె చూస్తే ఎక్కడో చూసిన చుట్టంలా అనిపించింది గాని, ఏ వైపు చుట్టమో గుర్తు రాలేదు.

ఇక్కడ మామగారి ప్రవేశం. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజన్ వైపు ఉన్న చెవి ఎప్పుడో సెలవు తీసుకుంది, రెండోది దాని బాటలో ఉంది. ఇంట్లోనే వినికిడి పరీక్షకుడు ఉన్నా ఆరేళ్ళుగా పరీక్షకి ఒప్పుకోలేదు. "నాకు వినపడక కాదు, మీకు మాట్లాడ్డం రాక," అనేది ఆయన నిర్ధారణ. ప్రతి గురువారం సాయంత్రం రిటైరైన డ్రైవర్ల సంఘం గదిలో క్యారమ్స్ ఆడటానికి ఆయన్ని దింపి రావడం అల్లుడి విధి. ఎక్కడం ఒక ఘట్టం, దిగడం ఇంకో ఘట్టం. ఎక్కగానే అలవాటు ప్రకారం చెప్పులు విడిచి, ఒట్టి మడమలు సీటు కిందికి లాక్కుని కూర్చుంటాడు.

ఒక గురువారం నీళ్ళట్యాంకు ఎత్తు మీద ముల్లు మూడువేల ఎనిమిదివందలు చేరింది.

"అల్లుడూ, ఏదో జుమ్మంటోందయ్యా," అన్నాడు మామగారు.

చెవులాయన గుండె ఒక్క గెంతు గెంతింది. ప్రపంచంలో ఇంకో మనిషి!

"మీకు వినపడిందా?"

"ఆఁ?"

"వినపడిందా అంటున్నా!"

"వినపడ్డమేంటి? మడమకి తగులుతోంది. ఈ సీటు కింద ఏదో ఉంది చూడు."

గెంతిన గుండె తిరిగి తన చోటికి వచ్చి కూర్చుంది. వీధి తలుపు బాదినా పలకని మనిషి శబ్దం గురించి సాక్ష్యం చెబుతున్నాడు. చెవులాయన వృత్తిలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. గది ఉంది, బటన్ ఉంది, మూడింట రెండు ఉంది. మడమ లేదు.

"రేపు చూస్తాలెండి," అన్నాడు. చూడలేదు.

మామగారు తర్వాతి గురువారం మళ్ళీ చెప్పాడు. ఆ పై గురువారం చెప్పి, "నాకు చెవుడు. నీకేంటి?" అని, ఇక చెప్పడం మానేశాడు.

అప్పుడు మెకానిక్‌కి కష్టాలు మొదలయ్యాయి. టైర్ల షాపు పక్కన రేకుల షెడ్డు అతనిది. మంచి పనివాడు, మితభాషి. మొదటివారం ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు మార్చాడు. జుమ్మ్. రెండోవారం పొగగొట్టం కొక్కేలు బిగించాడు. జుమ్మ్. తర్వాత వేడి తగలకుండా ఉండే రేకు విప్పి, దాని మీద ఇంకో రేకు వేశాడు. డాష్‌బోర్డు విప్పి మళ్ళీ పెట్టాడు. మిగిలిన రెండు స్క్రూలు కవర్లో వేసి చెవులాయన చేతికిచ్చాడు. జుమ్మ్. తనే నాలుగుసార్లు నడిపి చూసి, "అది ఇంజన్ సౌండేనండీ. ఇలాంటి బండికి ఆ మాత్రం ఉంటది," అన్నాడు.

"ఉండకూడదు. నూట ఇరవై ఎనిమిది హెర్ట్‌జ్."

"ఉంటే ఉందిలెండి, పాపం."

నాలుగో నెల గడిచేసరికి చెవులాయన సహనం రబ్బరు దిమ్మల్లా అరిగిపోయింది. ఒకరోజు షెడ్డులో టైర్ల షాపాయన, వ్యాను డ్రైవరు, బ్యాటరీలు అమ్మే ఆవిడ చూస్తుండగా, తనకి చేతనైనంత గట్టిగా, అంటే మామూలు మనిషి మామూలుగా మాట్లాడినంత గట్టిగా అనేశాడు: "తప్పు బండిది కాదు, మీ చెవులది. ముప్పై ఏళ్ళు సుత్తిదెబ్బలు విన్న చెవులకి ఇంకేం వినపడుతుంది? మీ చెవులు పోయాయి."

షెడ్డులో రెంచి కింద పెట్టిన చప్పుడు మాత్రం వినపడింది.

"పోయాయో లేదో చూడండి అయితే," అన్నాడు మెకానిక్.

మర్నాడు శుభ్రంగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, బూడిదరంగు గదిలో కూర్చున్నాడు. పది తగ్గించడం, అయిదు పెంచడం, మూడింట రెండు, అన్నీ ఎందుకో ఏమిటో అడిగి తెలుసుకుని మరీ బటన్ నొక్కాడు. కాగితం మీద గీత అంతటా చక్కగానే వచ్చి, నాలుగువేల హెర్ట్‌జ్ దగ్గర మాత్రం కాస్త కిందికి జారింది.

"చూశారా!" అన్నాడు చెవులాయన, నిధి దొరికినట్టు.

మెకానిక్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ సౌండు ఎంతన్నారు?"

"నూట ఇరవై ఎనిమిది."

"ఇక్కడ తగ్గింది నాలుగువేల దగ్గర కదా. నూట పాతిక దగ్గర గీత బాగానే ఉందిగా?"

"అది వేరే విషయం," అన్నాడు చెవులాయన. ఏ విషయమో మాత్రం చెప్పలేదు. మెకానిక్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో పరిస్థితి ఇంతకంటే బాగా లేదు. కంచం ముందు జుమ్మ్, కాఫీ దగ్గర జుమ్మ్, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ జుమ్మ్. లెక్కల టీచరు అయిదు నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం చేతిలో చాక్‌పీసు లేదన్న మాటే గాని, బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడింది.

"ఏమండీ, వినండి. ఈ నెలాఖరు లోపల ఆ సౌండన్నా దొరకాలి, ఈ కారన్నా పోవాలి. రెండూ ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"రెండూ ఒకటే కదా ఇప్పుడు."

"అదే అంటున్నా. విడదీయండి."

ఆయన ఒప్పుకున్నాడు. ఆవిడ చెప్పిందని కాదు. ఆ ఎత్తు మీది మూడు నిమిషాలూ ఇప్పుడు ఆయనవి కావు, జుమ్మ్‌వి. కారు ఉన్నా పోయినా, ముప్పై ఏళ్ళు చెవిలో దాచుకున్న పాట మాత్రం చెడిపోతోంది. దాన్ని ఇంకా చెడగొట్టుకోవడం కంటే కారుని వదులుకోవడమే మేలనిపించింది. అనిపించిన రోజు రెండు మెతుకులు ఎక్కువ తిన్నట్టు నటించాడు కూడా.

విషయం విని మెకానిక్, "అయితే నాకిచ్చెయ్యండి. నా చెవులకి ఏ సౌండూ లేదు కదా, హాయిగా తిరుగుతా," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఎంతో, నిజం ఎంతో తేలలేదు. చెవులాయన చెయ్యి చాపి మాటిచ్చాడు.

నెలలో ఆఖరి ఆదివారం పొద్దున్న మెకానిక్ వచ్చి తాళాలు అందుకున్నాడు. మామగారు, "చివరిసారి ఒక చుట్టు తిప్పండయ్యా. ఎంతైనా అయిదు నెలలు ఎక్కి దిగిన బండి," అని ముందు సీట్లో సర్దుకుని, చెప్పులు విడిచాడు. చెవులాయన వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. భార్య అయిదు నెలలుగా ఏం చూస్తూ వచ్చిందో ఆయనకి మొదటిసారి తెలిసింది. ఏమీ కనపడదు.

నీళ్ళట్యాంకు ఎత్తు. మెకానిక్ మూడో గేరులో, ఎగతాళికి, ముల్లుని కచ్చితంగా మూడువేల ఎనిమిదివందల దగ్గర నిలబెట్టాడు.

జుమ్మ్.

"వస్తోంది!" అన్నాడు చెవులాయన వెనకనుంచి, ఎవరికీ వినపడకుండా.

"ఇదిగో, మళ్ళీ తగులుతోంది," అన్నాడు మామగారు మెకానిక్‌తో. "ఈ అల్లుడికి మూడుసార్లు చెప్పా. చెవికెక్కించుకోడు."

"ఎక్కడ?"

మామగారు ముప్పై నాలుగేళ్ళు గేర్లు మార్చిన పొడుగు చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు. కాసేపు తడిమి, ఏదో పట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు. శబ్దం కత్తిరించినట్టు ఆగిపోయింది. ఇంజన్ మాత్రం తన పాట తాను పాడుకుంటూ మలుపు తిరిగింది.

మెకానిక్ కారు పక్కకి తీసి ఆపాడు. మామగారి చేతిలో రెండు కాళ్ళ చిన్న ఉక్కు వస్తువు. సీటు జరిగే పట్టాల సందులో కాడ బిగుసుకుని, కాళ్ళు గాల్లో ఉండిపోయి, అయిదు నెలలుగా తనకి నచ్చిన వేగం వచ్చినప్పుడల్లా వంత పాడుతూ వచ్చింది.

"ఇదేం స్పానరండీ? మా షెడ్డుది కాదే," అన్నాడు మెకానిక్. తిప్పి చూసి, కాడ మీద చెక్కిన అంకె పైకి చదివాడు. "నూట... ఇరవై... ఎనిమిది."

ఏ వైపు చుట్టమో చెవులాయనకి అప్పుడు గుర్తొచ్చింది.

మామగారు దాన్ని డాష్‌బోర్డుకేసి ఠంగున కొట్టి, ఏం చెయ్యాలో తోచక చెవి వెనక గోక్కున్నాడు. కాడ ఎముకకి తగిలింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఓహో! ఇది బాగానే వినపడుతోందే!"

"మామయ్యగారూ, అది నాదే," అన్నాడు చెవులాయన.

"నువ్వు మాత్రం వినపడవు."

ఇంటి గుమ్మం దగ్గర లెక్కల టీచరు కథంతా విని, మెట్టు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత లేచి తీర్పు చెప్పింది. "సౌండు దొరికింది. నెలాఖరుకి ఇంకా ఒక రోజుంది. షరతు ప్రకారం కారు ఉండొచ్చు."

"షరతు మీ ఇద్దరిదీనమ్మా. నాకు మాటిచ్చారు," అన్నాడు మెకానిక్. తాళాలు అతని జేబులోనే ఉన్నాయి.

చెవులాయన పసుపుపచ్చ కారు వైపు చూశాడు. అయిదు నెలల్లో మొదటిసారి, ఇందాక ఆ మలుపులో, ఆ పాట ఒక్కటే వినపడింది. అదీ వెనక సీట్లోంచి, మోకాళ్ళ మధ్యనుంచి.

"మీరు కావాలంటే... అంటే మీకు ఇష్టమైతేనే..." అన్నాడు.

"బండి తీసుకోండి. నాకేం వద్దు," అన్నాడు మెకానిక్. "నా చెవులు పోయాయని ఎవరెవరి ముందు అన్నారో, వాళ్ళ ముందే పోలేదని చెప్పండి. రేపు పొద్దున్న పదకొండింటికి. అప్పుడిస్తా తాళాలు."

సోమవారం చెవులాయన బస్సులో క్లినిక్‌కి వెళ్ళాడు. ముందు రిసెప్షన్ బల్ల మీద ఫోర్కు పెట్టి, అది ఎక్కడ దొరికిందో, షెడ్డులో అందరి ముందూ తానేం ఒప్పుకోవాలో చెప్పాడు. ఆవిడ లేచి లోపలికెళ్ళి, సొరుగు మీది కాగితం జాగ్రత్తగా చిరగకుండా ఊడదీసి తెచ్చి, ఆయన చేతిలో పెట్టింది. "తీసినవి తీసిన చోటే పెట్టవలెను." తర్వాత, "షెడ్డుకి ఎన్నింటికండీ?" అని అడిగి, బల్ల మీద 'అరగంటలో వస్తాం' అన్న బోర్డు తిప్పింది.

షెడ్డులో అందరూ ఉన్నారు. టైర్ల షాపాయన కుర్చీ తెచ్చుకున్నాడు. బ్యాటరీలావిడ నిలబడే ఉంది. మామగారికి పాత టైర్ల దొంతర మీద పెద్దపీట వేశారు. మధ్యలో వ్యాను. దాంట్లో మెకానిక్, గ్రైండరు ఆడించేటప్పుడు పెట్టుకునే చెవి డిప్పలు రెండు చెవులకీ బిగించుకుని, హారన్ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"వినపడితే హారన్ కొడతాడట. అనుమానంగా వినపడినా కొడతాడట," అని వ్యాను డ్రైవరు చెవులాయనకి నియమాలు వివరించాడు.

చెవులాయన గొంతు సవరించుకున్నాడు. "మీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజు నేను తొందరపడ్డాను," అన్నాడు తన మామూలు గొంతుతో.

నిశ్శబ్దం.

"అయిదు పెంచండి," అన్నాడు వ్యాను డ్రైవరు.

పెంచాడు. నిశ్శబ్దం. ఇంకో అయిదు. బ్యాటరీలావిడ తల ఊపింది, మెకానిక్ ఊపలేదు. ఇంకో అయిదు. టైర్ల షాపుకొచ్చిన వాళ్ళు కూడా ఇటు తిరిగారు. అప్పుడు హారన్ ఒకసారి పొట్టిగా మోగింది.

"హమ్మయ్య," అన్నాడు చెవులాయన, తాళాల కోసం చెయ్యి చాపుతూ.

మెకానిక్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఒకసారి కొడితే మీరు నమ్మరు కదండీ. పది తగ్గించి మళ్ళీ మొదలెట్టండి."

చెవులాయన పది తగ్గించి చెప్పాడు. నిశ్శబ్దం. అయిదు పెంచి చెప్పాడు. నిశ్శబ్దం. కానీ ఇరవై మూడేళ్ళు అద్దానికి ఇవతల కూర్చున్న మనిషి ఆయన. విని కూడా విననట్టు కూర్చునేవాడి ఎడమ కనుబొమ ఎంత లేస్తుందో ఆయనకి తెలుసు. లేచింది. మొదటి మాటకే లేచింది, ప్రతి మాటకీ లేస్తూనే ఉంది. అయిదు నెలల రబ్బరు దిమ్మలు, వేడి రేకులు, మిగిలిన రెండు స్క్రూలు, మామగారి మడమ, అన్నీ ఒక్కసారిగా ఆయన గొంతులోకి వచ్చాయి.

"వినపడింది!" అని అరిచాడు. "మొదటిసారే వినపడింది మీకు! డిప్పల్లోంచి కూడా వినపడింది! మీ చెవులు శుభ్రంగా, నిక్షేపంగా, నా చెవుల కంటే బాగా ఉన్నాయి! ఈ ఊళ్ళో ఎవరికన్నా చెవులు పోయాయంటే అవి నావి!"

షెడ్డు రేకులు కాస్త అదిరాయి. రిసెప్షన్ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వ్యాను హారన్ పొడుగ్గా, తీరుబడిగా మోగి ఆగింది.

మెకానిక్ డిప్పలు తీసి పక్కన పెట్టాడు. "రెండోసారి. ఇప్పుడు లెక్క," అని తాళాలు విసిరాడు.

"ఈసారి నాకూ వినపడిందయ్యా," అన్నాడు టైర్ల మీదనుంచి మామగారు. "ఇన్నాళ్ళూ ఇలా మాట్లాడ్డానికి నీకేం వచ్చింది?"